చేతులు వెనక్కి

పోయిన వారం రాజోల్లో ఒక పెళ్ళికి వెళ్ళాను. మండపం నిండా మల్లెపూలు. స్తంభాలకి మల్లెలు, పైకప్పు నుంచి వేలాడుతూ మల్లెలు, పెళ్ళికొడుకు కుర్చీకి మల్లెలు. శ్రావణమాసంలో ఇన్ని మల్లెలు ఎక్కడివా అని దగ్గరికి వెళ్ళి చూస్తే అన్నీ ప్లాస్టిక్. అది సరే, ఈ రోజుల్లో కొత్తేమీ కాదు. ఒకాయన నిచ్చెన ఎక్కి, చేతిలో బుడ్డి పట్టుకుని, ఆ పూల మీద బుస్సు బుస్సుమని ఏదో కొడుతున్నాడు.

"ఏంటయ్యా అది, దోమల మందా?" అని అడిగాను.

"కాదండి, మల్లెపూల సెంటండి. వాసన లేపోతే డూప్లికేటని తెలిసిపోద్దండి."

"మరి డూప్లికేటే కదా?"

"ఆయ్. అందుకే కదండీ కొట్టేది."

బయటికి వచ్చేశాను. ఈ వయసులో నాకు కోపం వస్తే కాళ్ళు ముందు కదులుతాయి, నోరు తర్వాత. హాలు వెనక చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర, ఎంగిలి నీళ్ళు పారే చోట, ఎవరూ పాతని చంద్రకాంత మొక్క ఒకటి దానంతటది మొలిచి, గులాబిరంగు పూలు నిండా పూసి ఉంది. సాయంత్రం అయిదు అవుతోంది. పూలు అప్పుడే విచ్చుకున్నాయి. నేను ఆ మొక్క ముందు నిలబడి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, నడుం వంచి, పువ్వుకి జానెడు దూరంలో ముక్కు ఆపి, ముందు ఊపిరంతా వదిలి, అప్పుడు పీల్చాను.

చెయ్యి కడుక్కోవడానికి వచ్చిన పెళ్ళివారి ఆడమనిషి ఒకావిడ చూసి నవ్వింది. "ఏంటి మావయ్యగారూ, చేతులు అలా వెనక్కి పెట్టుకున్నారు? పోలీసులు గాని పట్టుకున్నారేంటండీ?"

"పోలీసులు కాదమ్మా, నర్సమ్మ గారు" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాలంటే ఇదంతా చెప్పాలి. పప్పు వడ్డిస్తున్నారని ఎవరో పిలిస్తే ఆవిడ వెళ్ళిపోయింది. అందుకని రాస్తున్నాను.

నర్సమ్మ గారి పేరు రాయను. బతికుండగా ఎవరూ పేరు పెట్టి పిలిచింది లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముప్ఫయ్యేళ్ళకి పైగా పనిచేసి, రిటైరై, మా కాలవ గట్టున అయిదు సెంట్ల స్థలం కొనుక్కుని, రెండు గదుల ఇల్లు వేసుకుని ఒక్కరూ ఉండేవారు. నేను ఆ కాలవ మీదే లాకుల దగ్గర లస్కరుగా పనిచేశాను. గేట్లు ఎత్తడం, దించడం, నీటి మట్టం పుస్తకంలో రాయడం. ఆ రాయడం కోసమే పకోడీల పొట్లాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి. బడి మెట్లెక్కి ఎరగను. నర్సమ్మ గారి తల్లీ నా తల్లీ ఒకే కామందు చేలల్లో ఊడ్పులు ఊడ్చినవాళ్ళు. ఆవిడకి చదువు అబ్బింది, నాకు లాకులు అబ్బాయి. అయినా ఆవిడ నన్ను "లస్కరు గారూ" అనే పిలిచారు, చివరి వరకూ.

స్థలం కొన్నాక ఆవిడ చేసిన మొదటి పని మూడు కొబ్బరిచెట్లు కొట్టించడం. కోనసీమలో కాపు మీదున్న కొబ్బరిచెట్టు కొట్టించడమంటే చిన్న సంగతి కాదు. గట్టంతా జనం పోగయ్యారు. కొట్టడానికి వచ్చినవాడు గొడ్డలి కింద పెట్టి, "నా వల్ల కాదండి, పాపం చుట్టుకుంటాదండి" అని చతికిలబడ్డాడు.

"గెలలు దిగుతున్న చెట్టండీ! దీన్ని కొట్టించి ఏం పెడతారు?" అని అడిగాడు గుంపులో ఒకాయన.

"జాజి పెడతానండి."

"జాజి కాయ కాస్తుందేంటండీ?"

"కాయదండి."

"పోనీ పూలు అమ్ముతారా?"

"అమ్మనండి."

"పూజకా అంటే మీరు చర్చికి వెళ్ళేవాళ్ళాయె. మరెందుకండీ?"

"వాసన చూస్తానండి."

అంతే చెప్పారు. అప్పుడు ఆవిడే చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, గొడ్డలి తీసుకుని, మొదటి దెబ్బ తానే వేశారు. "ఇదిగో, పాపం నాకు చుట్టేసుకుంది. ఇంక మీకు భయం లేదు, కానివ్వండి" అన్నారు.

ఆ తర్వాత రెండేళ్ళకి ఆ అయిదు సెంట్లూ ఏమయ్యాయంటే, గట్టు మీద సైకిలు మీద పోయేవాడు కూడా ఆవిడ గేటు దగ్గర తొక్కుడు ఆపేసేవాడు. అక్కడ ఏటేటా విత్తనం చల్లి పీకేసే మొక్క ఒక్కటి లేదు. "పాతితే నా కన్నా ఎక్కువ కాలం ఉండేదే పాతుతానండి" అనేవారు. సన్నజాజి, విరజాజి, చెట్టుసంపెంగ, ఆకుసంపెంగ, పారిజాతం, నాటు గులాబి, నందివర్ధనం, చంద్రకాంత, రేరాణి. గోడవార మరువం, దవనం. కాలవ వైపు కంచెలో మొగలి.

దాన్ని ఆవిడ ఏనాడూ తోట అనలేదు. వార్డు అనేవారు. చెట్లన్నిటికీ డ్యూటీలు వేశారు. పారిజాతం నైట్ డ్యూటీ చేసి తెల్లారగట్ల దిగిపోయేది. నందివర్ధనం జనరల్ డ్యూటీ. నాలుగయ్యేసరికి చంద్రకాంత ఎక్కేది. దీపాలవేళకి జాజి. అన్నాలు తిని చేతులు కడుక్కునే సమయానికి రేరాణి. ఒంటినిండా ముళ్ళు కాబట్టి మొగలిని మాత్రం ఐసోలేషన్ వార్డులో పెట్టానని చెప్పేవారు. ఎవరైనా మధ్యాహ్నం పూట వచ్చి, ఏమీ వాసన రావడం లేదే అంటే, "డ్యూటీ టైములో రావాలండి. మీకోసం వాళ్ళని నిద్రలేపమంటారా?" అని కసిరేవారు.

వాసనల మీద ఇంత పిచ్చి ఎందుకని నేనొకసారి అడిగాను.

"ముప్ఫయ్యేళ్ళు ఈ ముక్కు ఫినాయిలూ, స్పిరిటూ, చీమూ నెత్తురూ పీల్చింది లస్కరు గారూ. నాకోసం ఒక్కరోజు పనిచెయ్యలేదు. నాకు గవర్నమెంటు పింఛనిచ్చింది. దీనికి నేనివ్వాలి కదండీ."

ఆవిడతో నాకు స్నేహం ఎలా మొదలైందో చెబితే నా పరువే పోతుంది. అయినా చెబుతాను. తెల్లవారుతూనే చేతిసంచీ, కొక్కెం కర్రా పట్టుకుని ఊరి మీద పడే పెద్దమనుషులు మీ ఊళ్ళోనూ ఉంటారు. సొంత పెరట్లో ఒక్క మొక్క ఉండదు. పక్కవాడి గోడ మీంచి కొమ్మ వంచి మొగ్గతో సహా దూసుకుపోతారు. దేవుడికి కదా అంటారు. దొంగతనం చేసిన పువ్వుకి పుణ్యం వస్తుందని ఏ శాస్త్రంలో ఉందో నేను చదివిన పొట్లాల్లో మాత్రం కనపడలేదు. ఇంత మాట అంటున్న నేనూ ఆ రోజు అదే పని చేశాను. మా ఇంటావిడ వాడపల్లి గుడికి ఏడు శనివారాల మొక్కు మొక్కుకుంది. శనివారం పొద్దున్నే, బస్సుకి టైమైపోతోందని, గేటు తీసుకుని లోపలికి వెళ్ళి సంపెంగ కొమ్మ వంచాను.

వెనకనుంచి ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. తిరిగి చూస్తే నర్సమ్మ గారు. తిట్టలేదు. నాడి చూస్తున్నారు! రెండో చేతికున్న గడియారం చూసుకుంటూ నిమిషం సేపు అలాగే పట్టుకున్నారు. కొమ్మ నా చేతిలో, నా చెయ్యి ఆవిడ చేతిలో.

"నాడి బాగానే ఉందండి. బుద్ధే బాలేదు" అన్నారు.

కొమ్మ వదిలేశాను.

"రెండు చేతులూ వెనక్కి పెట్టుకోండి. ఆఁ, ఆపరేషను గదిలో కొత్త నర్సులు నిలబడతారు చూడండి, అలాగ. దేన్నీ ముట్టుకోకూడదు. ఇప్పుడు వంగండి. జానెడు దూరంలో ఆగండి. ముక్కు ఆనించకండి, అది మన చెమట పీల్చుకుంటుంది. ముందు లోపలున్నదంతా బయట పెట్టండి. ఊపిరి వదలండీ! లోపల మీ చుట్ట కంపు పెట్టుకుని సంపెంగ ఎక్కడికి వెళ్ళమంటారు? ఆఁ. ఇప్పుడు తీసుకోండి."

తీసుకున్నాను. అరవయ్యో ఏట, మొదటిసారి, సంపెంగ వాసన చూశాను. అంతకు ముందు చూడలేదా అంటే, చూశాను, జడల్లో చూశాను, బుట్టల్లో చూశాను, దేవుడి పటాలకి వాడిపోయాక చూశాను. చెట్టున ఉన్న పువ్వు వాసన వేరు. అందులో ఆకు ఉంటుంది, తడి ఉంటుంది, కింద మట్టి ఉంటుంది. బస్సు వెళ్ళిపోయింది. మా ఇంటావిడ నన్ను ఆ శనివారమంతా పలకరించలేదు.

ఆవిడ నియమం అదొక్కటే. గేటుకి తాళం ఉండదు. ఎవరైనా రావచ్చు, ఎంతసేపైనా ఉండవచ్చు. చేతులు మాత్రం వెనక్కి. పువ్వు కొయ్యకూడదు. తన జడలో కూడా ఒక్క పువ్వు పెట్టుకోగా నేను చూడలేదు. రాలినవి మాత్రం ఏరి పళ్ళెంలో పోసి గేటు దగ్గర బల్ల మీద పెట్టేవారు, కావలసినవాళ్ళు తీసుకోవచ్చు.

పాస్టరు గారు ఒకసారి క్రిస్మసుకి చర్చిలో అలంకరణకని అడిగారు. "దేవుడు ఇక్కడికే రావచ్చు కదండీ, గేటు తీసే ఉంటుంది" అన్నారట. ఆయన నొచ్చుకున్నారు గాని, ఆ తర్వాత ఆదివారాలు సాయంత్రం పూట వచ్చి జాజి పందిరి కింద చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడడం నేను చూశాను.

ఇంకొకరి సంగతి చెప్పాలి. ఇది చెప్పకపోతే నా కడుపు మంట చల్లారదు. ఊళ్ళో రామాలయం కల్యాణానికి ఆ కామందు గారి కొడుకు, ఇప్పుడు ఆయనే కామందు, ఆవిడ ఇంటికి స్వయంగా వచ్చారు. కారు గట్టు మీద ఆపి, గేటు తోసుకుని లోపలికి వచ్చి, "నర్సమ్మా, మనిషిని పంపిస్తాను, రేపు పొద్దున్న సంపెంగలన్నీ కోసి పంపించు" అన్నారు.

నేను జాజి పందిరి కింద బెంచీ మీద ఉన్నాను. ఆయన్ని చూసి లేచి నిలబడబోయాను. పాత భయం, కాళ్ళల్లోంచి పోదు. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు.

"కొయ్యనివ్వనండి. వాసన చూడ్డానికైతే రండి. చేతులు వెనక్కి పెట్టుకోండి" అన్నారు.

"ఏంటీ?"

"చేతులండీ. వెనక్కి."

కాలవలో నీళ్ళు ఆగిపోయినట్టనిపించింది నాకు. ఆ మనిషి తండ్రి ముందు నా తండ్రి రెండు చేతులూ కట్టుకుని ఎండలో నిలబడితే, కూలి గింజల కోసం కాదు, ఒక మాట చెప్పుకోవడం కోసం నిలబడితే, ఆయన పడకకుర్చీలోంచి తల తిప్పడానికి పూట పట్టేది. ఆ రోజులు నేను మరిచిపోలేదు. మరిచిపోను. మరిచిపొమ్మని నాకు నీతులు చెప్పేవాళ్ళు నా దగ్గరికి రావద్దు.

కామందు గారు నర్సమ్మ గారి వంక చూశారు. ఆవిడ ముఖంలో కోపం లేదు, భయం లేదు. ఇంజక్షను వేసేముందు చొక్కా చెయ్యి పైకెత్తమని చెప్పే ముఖం అది. ఆయన ఉంగరాల చేతులు రెండూ మెల్లగా వెనక్కి వెళ్ళాయి. వంగారు. ఊపిరి వదలమంటే వదిలారు. తీసుకోమంటే తీసుకున్నారు. చాలాసేపు అక్కడే ఉన్నారు. వెళ్ళేటప్పుడు, "వస్తానండి" అన్నారు. అండీ అన్నారు.

ఆయన కారు కదిలాక, "చూసేరా నర్సమ్మ గారూ, చేతులు వెనక్కి పెట్టేడు!" అన్నాను.

"మీరు చేతులు చూసేరు. నేను ముక్కు చూసేను. ఎడంవైపు దిబ్బడేసి ఉంది, పాపం. ఆవిరి పట్టమని చెప్పాల్సింది" అన్నారు ఆవిడ.

పళ్ళెంలో రాలిన సంపెంగలు సర్దుతూ, నా వైపు చూడకుండా చెప్పారు: "వాళ్ళింట్లో మా అమ్మ పశువుల కొట్టం ఊడ్చేది. వాళ్ళ వాకిట్లో పొగడచెట్టు. నేను చిన్నపిల్లని, రాలిన పువ్వు ఒకటి తీసుకున్నాను. కిందదేనండి, చెట్టుది కాదు. పెద్దావిడ చూసి, చెట్టు చుట్టూ నీళ్ళు చల్లించి, ఆ పూటకి ఆ చెట్టు పూలు దేవుడికి పనికిరావన్నారు. ఎవరి చెయ్యి తగిలితే పనికొస్తుందో, ఎవరి చెయ్యి తగిలితే పనికిరాదో... ఆ గోలంతా ఎందుకండీ. నా వార్డులో ఎవరి చెయ్యీ తగలదు."

ఇదొక్కసారే చెప్పారు. మళ్ళీ నేను అడగలేదు.

ఊరంతా ఆ మాయదారి జ్వరాలు వచ్చిన ఏడాది ఆవిడకీ వచ్చింది. తగ్గింది. కాని పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. అందరికీ నెల్లాళ్ళలో తిరిగి వచ్చింది, ఆవిడకి రాలేదు. దవనం ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని, "కాగితం" అన్నారు. రేరాణి కింద నిలబడి, "మంచినీళ్ళు" అన్నారు.

నాకు దుఃఖం వచ్చింది, ఆవిడకి రాలేదు. మర్నాడు సాయంత్రం నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, తాను కుర్చీ వేసుకుని, "ఇంక మీరు చెప్పాలి లస్కరు గారూ. ముప్ఫయ్యేళ్ళు నీటి మట్టం చూసి రాసినవారు, ఇది చెప్పలేరా? జాజి ఎంతవరకు వచ్చింది?" అన్నారు.

"మెట్ల దాకా వచ్చిందండి."

"ఎలా ఉంది?"

"బాగుందండి."

"బాగుందంటే ఏంటండీ? రోగి బాగున్నాడంటే డాక్టరు ఒప్పుకుంటాడా? సరిగ్గా చెప్పండి."

నాకు తెలిసిన తెలుగంతా వెతుక్కున్నాను. వాసనకి మాటలు లేవు. పక్క వస్తువు చెప్పాలి. కొత్తబియ్యం అన్నం వార్చేటప్పుడు మూత తీస్తే వచ్చే మొదటి ఆవిరి అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని తలూపారు. సంపెంగకి, మామిడిపండు పెట్టిన భోషాణంలో పట్టుచీర అన్నాను. నవ్వారు. ఆకుసంపెంగ ఏ పండు తలుచుకుంటే ఆ పండు వాసన వేస్తుందంటారు కదా, "మీరు ఏ పండు తలుచుకున్నారు?" అని అడిగారు. పనసపండన్నాను. "పోనీ నేను అరటిపండు తలుచుకుంటాను, ఖర్చేముంది?" అన్నారు. అలా రోజూ. పొద్దున్నొకసారి, దీపాలవేళొకసారి. జాజి మెట్లు దాటిందండి. బల్ల దాటిందండి. గాలి తిరిగింది, గేటు దాటిందండి. గేటు దాటిందంటే ఆవిడకి పండగ. "అయితే గట్టు మీదివాళ్ళకి కూడా అందిందన్న మాట" అనేవారు.

వాసన తెలియని మనిషి రోజూ చెట్లకి నీళ్ళు పోయడం, తెగులు చూడడం, డ్యూటీ వేళకి లేచి కూర్చోవడం మానలేదు. కొబ్బరి మొక్కలు పెట్టుకోవచ్చు కదండీ ఇప్పుడైనా అని సలహా చెప్పినవాడికి, "కళ్ళు పోయినంత మాత్రాన దీపం ఆర్పేసుకుంటామాండీ? ఇంట్లో మిగతావాళ్ళు లేరూ?" అన్నారు.

ఒకరోజు ఆవిడ అన్నారు: "నేను పోయినరోజు అందరూ మంచి మనసుతోనే కత్తెర్లు పట్టుకుని వస్తారు లస్కరు గారూ. ఆవిడ పూలు ఆవిడకే వేద్దామంటారు. నా పేరు చెప్పి నా వార్డు ఖాళీ చేసేస్తారు. మీరు కొయ్యనివ్వకూడదు. ఒక్కటి కూడా."

"నా మాట ఎవరు వింటారండీ?"

"వరదనీళ్ళు వచ్చినప్పుడు గేటు దించితే నీళ్ళు మీ మాట వినే ఆగేయేంటి? మీరు దించేరు, ఆగేయి."

మాటిచ్చాను.

నిరుడు శ్రావణంలో పోయారు. మధ్యాహ్నం కునుకు తీసి లేవలేదు. మర్నాడు కాలవలో ఎర్రనీరు నిండుగా పారుతోంది, సన్నగా జల్లు పడుతోంది. మేనకోడలు అమలాపురం నుంచి వచ్చింది. ఆ అమ్మాయి హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్, మాట నలుగురిలో చెల్లే మనిషి. అత్తంటే ప్రాణం. సమాధుల దొడ్డికి నాలుగున్నరకి బయల్దేరాలన్నారు. తెల్లగుడ్డ పరిచిన పెట్టె వరండాలో ఉంది. మూడున్నరకి చర్చి ఆడవాళ్ళు ఆరుగురు, స్టీలు బేసిన్లూ కత్తెర్లూ పట్టుకుని వార్డు వైపు వచ్చారు. ముందు ఆ అమ్మాయి.

వరండా మెట్లు దిగితే వార్డే. వరండాకీ వార్డుకీ మధ్య చిన్న ఇనపగేటు. నేను ఆ గేటుకి వీపు ఆనించి, రెండు చేతులూ వెనక్కి పెట్టి, గొళ్ళెం పట్టుకుని నిలబడ్డాను.

"తప్పుకోండి బాబాయిగారూ, టైమవుతోంది" అంది అమ్మాయి.

"కొయ్యకూడదమ్మా."

"అత్తకోసమేనండీ."

"అత్త వద్దన్నారు."

"ఎప్పుడన్నారు? నాతో అనలేదే!"

"నాతో అన్నారు."

ఒకావిడ వెనకనుంచి, "ఈయనెవరండీ మధ్యలో, చుట్టమా పక్కమా?" అంది. నిజమే. నేనెవరిని? లాకుల దగ్గర గేటు దించేవాణ్ణి. అదే చేస్తున్నాను.

అమ్మాయికి కోపం వచ్చింది. ఏడుపుతో వచ్చిన కోపం. "ఊరందరి పాడెల మీదా పూలుంటాయండీ. ఇన్ని పూలు పెంచిన మనిషిని బోడిపెట్టెలో పంపించమంటారా? మా అత్త ఏం పాపం చేసిందండీ?"

"బజారు నుంచి తెప్పించుకో తల్లీ, కాదనను."

"బజారు పూలెందుకు, ఇవి మా అత్త చేతి పూలు!"

"అందుకే వద్దంటున్నాను."

పాస్టరు గారు వచ్చారు. "లస్కరు గారూ, ఈ ఒక్కరోజుకీ..." అన్నారు. ఈ ఒక్కరోజుకీ అన్న మాట నాకు గిట్టదు. ప్రతి అన్యాయమూ ఈ ఒక్కరోజుకీ అనే మొదలవుతుంది. "అయ్యా, ఆవిడ ఉన్నన్నాళ్ళూ మీరు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. లేని రోజున ముందుకి చాపితే, ఆవిడకి భయపడ్డారనుకోవాలా, ఆవిడ మాట నచ్చిందనుకోవాలా?" అని అడిగాను. ఆయన పక్కకి తప్పుకున్నారు.

అమ్మాయి నా ముందుకి వచ్చి కత్తెర పట్టుకున్న చెయ్యి ఎత్తింది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే కొట్టనీ అనుకున్నాను. కత్తెర బేసిన్లో పారేసింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతోంది.

"అయితే ఏ పూలూ వద్దు. బజారువీ వద్దు. బోడిగానే తీసుకెళ్దాం. మీకు సంతోషమే కదండీ" అంది.

అలాగే తీసుకువెళ్ళాం. తెల్లగుడ్డ, దాని మీద సన్నటి వాన చుక్కలు, ఇంకేమీ లేదు. గట్టు మీద జనం పెట్టెకేసి చూసి, తర్వాత నాకేసి చూశారు. పూల నర్సమ్మని పువ్వు లేకుండా పంపించాడు ముసలాడు అని నా వెనకే అన్నారు. వినబడేలాగే అన్నారు. నేను తల దించుకోలేదు. పెట్టె కాళ్ళ వైపు కర్ర నా భుజం మీద ఉంది. సమాధుల దొడ్డి వరకూ ఎవరికీ మార్చుకోనివ్వలేదు.

తిరిగి వచ్చేటప్పటికి వాన వెలిసింది. దీపాలవేళ. గట్టు మీద పాతికమందిమి, ఎవరికి వారే నడుస్తున్నాం. ఆవిడ ఇల్లు ఇంకా పాతిక గజాల దూరం ఉందనగా ముందు నడిచేవాళ్ళ అడుగు తగ్గింది. ఎవరూ ఆగమనలేదు. తర్వాత అందరూ ఆగిపోయారు.

వాన తడిసిన జాజి. ఆ రోజు ఒక్క మొగ్గ కూడా తగ్గకుండా, పందిరి పందిరంతా డ్యూటీ ఎక్కింది.

చుట్టమా పక్కమా అని అడిగినావిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మాయి ఒక్కత్తే గేటు తీసుకుని లోపలికి వెళ్ళి పందిరి ముందు నిలబడింది. నేను గేటు దగ్గరే ఆగాను. కాసేపు చూసింది. తర్వాత, ఎప్పుడో అత్తే నేర్పి ఉంటుంది, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. వంగింది. జానెడు దూరంలో ఆగింది. ముందు లోపలున్నదంతా బయట పెట్టాలి కదా, ఊపిరి వదిలింది. పొద్దుటినుంచీ హెడ్‌మిస్ట్రెస్‌లాగా బిగబట్టుకున్న ఏడుపంతా ఆ ఊపిరితో పాటే బయటికి వచ్చింది.

చాలాసేపటికి, మళ్ళీ ఊపిరి తీసుకుంది.

నేను అటు చూడలేదు. వరండాలో ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. దానికేసి తిరిగి, రోజూ చెప్పినట్టే, గట్టిగా చెప్పాను:

"జాజి గేటు దాటిందండీ."